గిలక్కాయ ఆపిల్

క్యాన్‌బెర్రా శివారు హారిసన్‌లో జనం పొద్దున్న లేవగానే ముందు హీటర్ వేస్తారు, తరవాత పాలు పొయ్యి మీద పెడతారు, ఆ తరవాత ఫోన్ చూసుకుంటారు. భానుశ్రీ మాత్రం ముందు వంటింటి కిటికీలోంచి సాక్సు చూస్తుంది.

ఆ సాక్సు వాళ్లాయన చందుది. నీలం చారలది, బొటనవేలి దగ్గర చిల్లు. దాని జత డ్రాయర్లో ఒంటరిగా పడి ఉంది. ఇదేమో పక్కింటి నోలా గారి ఆపిల్ చెట్టుకి, ఫెన్స్ దాటి వీళ్ల కిటికీ వైపు వంగిన కొమ్మకి వేలాడుతోంది. సాక్సులో ఒక కాయ ఉంది. ఈ ఏడు ఆ చెట్టు మొత్తానికి అదొక్కటే కాయ.

"ఉందా?" అని బాత్రూమ్‌లోంచి అరుస్తాడు చందు, నోట్లో బ్రష్ ఉండగానే.

"ఉంది."

"పండిందా?"

"లేదు."

అంతే. అక్కడితో ఆ రోజుకి ముఖ్యమైన మాటలు అయిపోయినట్టే. చందు ఆఫీసుకి వెళ్లిపోతాడు, భానుశ్రీ కిటికీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూరగాయలు తరుగుతుంది. ఒక కన్ను కత్తి మీద, ఒక కన్ను కాకటూల మీద. ఆ తెల్ల పిట్టలు నెత్తిన పసుపు కుచ్చు పెట్టుకుని, పెళ్లికొచ్చిన మగపెళ్లివారిలా గుంపుగా వచ్చి ఫెన్స్ మీద కూర్చుంటాయి. ఏది బాగుందో చూడవు. ముందు అన్నీ కొరికి చూస్తాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి, అంటే పాలకొల్లులో టిఫిన్ల వేళకి, అత్తగారు శ్యామసుందరి ఫోన్ చేస్తుంది.

"అమ్మాయ్, ఆపిల్ ఏమైంది?"

ఇక్కడో చిక్కుంది. భార్యగా ఆస్ట్రేలియాలో ఉండేందుకు భానుశ్రీ అడిగిన వీసా జనవరిలో తిరస్కరించారు. చందు అప్పీల్ వేశాడు. శ్యామసుందరి గారి నోట్లో అప్పీలూ ఆపిలే, ఆపిలూ ఆపిలే. ఆవిడ చెట్టు సంగతి అడుగుతోందో, గవర్నమెంటు సంగతి అడుగుతోందో ఎవరికీ తెలీదు. అయినా ఇబ్బంది లేదు. రెంటికీ జవాబు ఒకటే.

"ఇంకా పండలేదత్తయ్యా."

"కోసేసి బియ్యంలో గుచ్చండే. నాలుగు రోజుల్లో మగ్గుతుంది. సపోటాలు మగ్గట్లా?"

ఆ మాటకొస్తే కాయ సపోటాలాగే ఉంటుంది. తోలు గరుకు, రంగు తుప్పు, ఒక భుజం పైకి, ఒక భుజం కిందకి. సూపర్‌మార్కెట్‌లో నున్నగా మెరిసే ఆపిళ్ల పక్కన పెడితే దీన్ని బంగాళాదుంపల వైపు తోసేస్తారు. ఆ రకానికి పాత కేటలాగుల్లో ఏదో పెద్ద ఇంగ్లీషు పేరుంది. ఇప్పుడు ఏ నర్సరీలోనూ దొరకదు. గింజ వేస్తే అదే రకం రాదు, కొమ్మ అంటు కట్టాల్సిందే. అంటు కట్టే ఓపిక ఎవరికీ లేక, హారిసన్ ఇంకా గొర్రెల బీడుగా ఉన్న కాలం నుంచి ఆ ఒక్క చెట్టే మిగిలింది. వీధిలో మనవాళ్లు దాన్ని గిలక్కాయ ఆపిల్ అంటారు.

ఎందుకంటే బాగా పండాక దాని గింజలు గూట్లోంచి ఊడిపోతాయి. ఊపితే చంటిపిల్లల గిలక్కాయలా గలగలమంటుంది. ఆ మొదటి గలగలలో మాట వస్తుంది. పువ్వు విచ్చుకునే ఆ కాసేపట్లో చెట్టు దగ్గర ఎవరేమన్నారో అది, వాళ్ల గొంతుతోనే, ఒకే ఒక్కసారి. రెండోసారి ఊపితే ఉత్త గింజల చప్పుడే. అంచేత అక్టోబరులో చెట్టు పూసినప్పుడు ఆ వీధిలో ఎవరూ అత్తగార్ల గురించి మాట్లాడరు. ఎదురింటి విజయభాస్కర్ గారి కారు తాళాలు ఎక్కడున్నాయో మూడేళ్ల కిందట ఓ కాయే చెప్పింది. ఏడు నెలలు ఆలస్యంగా చెప్పిందనుకోండి, అది వేరే సంగతి.

ఒక ఏడు విరగకాస్తుంది, మరుసటేడు అలుగుతుంది. అదీ ఆ రకం స్వభావమే. పోయిన అక్టోబరు అలక అక్టోబరు. ఒకే పువ్వు పూసింది. నోలా తన కేలండర్‌లో రాసుకుంది కూడా: 'ఒకటే. శనివారం. పొద్దున ఎనిమిదుంబావు. కుర్రజంట కిటికీ దగ్గర.'

ఆ కుర్రజంట వీళ్లే. ఆ శనివారం ఎనిమిదుంబావుకి ఏం జరిగిందో భానుశ్రీకి బాగా గుర్తుంది. గుర్తుండటమే వచ్చిన బాధ.

*

భానుశ్రీ పుట్టుకతోనే వేళాకోళం మనిషి. పెళ్లిచూపుల్లో చందుని చూసి, వరసకి ఏమీ కాకపోయినా, "కాఫీలో పంచదార సరిపోయిందా బావా?" అంది. అందులో వేసింది ఉప్పు. చందు మొత్తం తాగేసి, "కొంచెం ఎక్కువైంది మరదలా" అన్నాడు. ఆ రోజే ఖాయమైపోయింది పెళ్లి. 'బావా' అన్న పిలుపు మాత్రం అలా అతుక్కుపోయింది.

వీసా దరఖాస్తుతో పాటు మొగుడూపెళ్లాల మెసేజీలు పెట్టమన్నారు. చందు రెండేళ్లవి పెట్టాడు. ఆన్‌లైన్‌లో ఎవరో అనువాదకుడికి పంపితే, ఆయన బుద్ధిగా, మాటకి మాట, ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషు చేసి పంపాడు.

'నువ్వెవరో నాకు తెలీదు, పో' అన్నది 'ఈ వ్యక్తి నాకు అపరిచితుడు' అయింది. 'ఈసారి అల్లం మర్చిపోతే విడాకులే' అన్నది విడాకుల హెచ్చరిక అయింది. 'ఇంటికి రా, చంపేస్తా' ఏమయిందో చెప్పక్కర్లేదు. ఇక 'బావ' ఉన్న చోటల్లా, నాలుగు వందల పన్నెండు చోట్ల, బ్రదర్-ఇన్-లా.

ఇంటర్వ్యూలో ఫోన్ అవతలి ఆయన మర్యాదగా అడిగాడు. "ఇతను మీ సోదరి భర్త అని చాలాచోట్ల ఉంది. మీ సోదరి ఎక్కడుంటారు?"

"ఇంకా పుట్టలేదండీ" అంది భానుశ్రీ నవ్వుతూ.

అవతల టైపు కొడుతున్న చప్పుడు వినపడింది. నవ్వు మాత్రం వినపడలేదు.

వీసా కాదంటూ ఉత్తరం రాసినాయన తప్పేమీ లేదు. కాగితం మీద నవ్వు కనపడదు. ఇద్దరూ ఒక ఇంట్లో ఉన్నారన్నది వీసావాళ్లు ఒప్పుకున్నారు. ఫొటోలూ ఒప్పుకున్నారు. ఆ ఒకే కప్పు కింద ఉన్నది మొగుడూపెళ్లాలేనని నమ్మడానికి మాత్రం ఆధారం చాలదన్నారు. అప్పీల్ విచారణ మే నెల మొదటి మంగళవారం. అక్కడా కాదంటే భానుశ్రీ నెల తిరిగేలోగా పెట్టె సర్దుకోవాలి. మళ్లీ ఎప్పుడు రానిస్తారో, అసలు రానిస్తారో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి భానుశ్రీ వేళాకోళం మానేసింది. ప్రతి మాటా ఎవరో ఇంగ్లీషు చేస్తున్నట్టు చూసుకుని మరీ మాట్లాడటం మొదలెట్టింది.

"చందూ, దయచేసి ఉప్పు అందిస్తావా?"

చందు చేతిలో గరిటె జారింది. "దయచేసి ఏంటే! నాకు భయమేస్తోంది. మామూలుగా తిట్టు."

"నేను మామూలుగానే ఉన్నాను."

"ఆ ఆపిల్ పండనీ. మన గొంతులు ఒక్కసారి వింటే వాళ్లకే తెలుస్తుంది" అన్నాడు చందు. లాయరూ అదే అన్నాడు. కాగితాలన్నీ చూసేశారు, ఇక చూపించడానికి ఆ కాయ తప్ప ఏమీ లేదు.

భానుశ్రీ తలూపింది. కానీ సంబరపడలేదు. ఎందుకంటే ఆ శనివారం పొద్దున, పెనం పొగకి కిటికీ తీసిపెట్టిన ఆ వంటింట్లో, తను అన్న మాట ఆమెకి అక్షరం అక్షరం గుర్తుంది. 'నిన్ను చేసుకుని తప్పు చేశాను.'

ఎందుకంది? వేళాకోళానికా? కోపంలోనా? ముందు రోజు రాత్రి ఏదో గొడవైనట్టు గుర్తు. దేని గురించో గుర్తు లేదు. మూడు నెలలుగా ఆ వాక్యాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటోంది. చూసినకొద్దీ అది నిజంగా అన్నట్టే కనపడుతోంది. రెండేళ్లు తను చేసిన పరిహాసాలన్నీ ఒకాయన చదివి, ఇది సంసారం కాదు అని సంతకం పెట్టాడు. ఏమో, ఆయనే సరిగ్గా చదివాడేమో!

ఈ సంగతి చందుకి చెప్పలేదు.

*

ఇక్కడ ఏప్రిల్‌లోనే చలి మొదలవ్వాలి, నెలాఖరు వచ్చినా రాలేదు. రేడియోలో వాళ్లు ఎండలు బాగున్నాయని సంబరపడుతుంటే భానుశ్రీకి ఒళ్లు మండింది. గిలక్కాయ ఆపిల్ మహా మొండిది. మిగతా ఆపిళ్లన్నీ కోసి, తిని, మర్చిపోయాక, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుని చలి ఒకసారి గట్టిగా కొరికితేగానీ గింజ వదలదు.

"బియ్యంలో పెడితే?" అని అడిగింది ఫెన్స్ మీదుగా.

నోలాకి ఎనభై రెండేళ్లు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు వేసుకుని సాక్సు కింద నిలబడి, కాయని అరచేత్తో కొంచెం పైకెత్తి చూసింది. తొడిమ కదల్లేదు. "ముందే కోస్తే మూగదైపోతుంది, లవ్. మెత్తబడుతుంది, తీపి కూడా అవుతుంది. మాట్లాడదు. తనంతట తను చేతిలోకి రావాలి."

"వచ్చే మంగళవారమే విచారణ."

"దానికి మంగళవారాలు తెలీదు మరి."

నోలా ఇంట్లో చలిమంట గూడు పైన ముడతలు పడ్డ గిలక్కాయ ఒకటుంది. ఈ రకం గడ్డిలో పెడితే సెప్టెంబరు దాకా నిలవుంటుంది, కోసినా నల్లబడదు. ఆ ఒక్కటి మాత్రం మూడేళ్లుగా ఎండుతోందేగానీ కుళ్లలేదు. ఆవిడ భర్త పోయిన ఏడు కాసిన వాటిలో చివరిది. ఆవిడ ఇంకా ఊపలేదు.

"అందులో ఏముందో అని భయమా?" అడిగింది భానుశ్రీ.

"భయం దేనికి? ఏముందో తెలుసుగా." నోలా నవ్వింది. "నలభై ఏళ్లు విన్నాను వీటిని. సగం కాయల్లో 'చెత్త బిన్ బయట పెట్టావా?' ఉంటుంది. మిగతా సగంలో 'పెట్టానన్నాగా!' ఉంటుంది. ఊపితే అయిపోతుందని దాచుకున్నానంతే."

"చెడ్డ మాట ఉంటేనో?"

నోలా ఆమె మొహంలోకి ఓ క్షణం చూసింది. "ఉన్న మాట ఉంటుంది, లవ్" అని గమ్‌బూట్లు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం కాకటూ ఒకటి సాక్సు మీద వాలింది.

మామూలుగా అయితే భానుశ్రీ చీపురు పట్టుకుని ఈపాటికి పెరట్లో ఉండేది. ఇవాళ కిటికీ దగ్గరే ఆగిపోయింది. పిట్ట ముక్కుతో బొటనవేలి చిల్లు వెతికింది. ఒక్కో పోగూ లాగుతోంది. లోపల చందు సోఫాలో ఫోన్ మాట్లాడుతున్నాడు. చూడట్లేదు. భానుశ్రీకి మెల్లిగా ఓ ఆలోచన వచ్చింది. తినేస్తే? ఎవరూ వినరు. చందుకి ఎప్పటికీ తెలీదు. తనకీ తెలీదు. పాడు పిట్ట తినేసిందని ఇద్దరూ కలిసి ఏడవచ్చు. వీసా పోతుంది, కానీ ఆ మాట బయటపడదు.

ఒకటి, అనుకుంది. చారల ఊలు పోగు గాలిలో ఊగింది.

రెండు. తుప్పురంగు తోలు కొంచెం కనపడింది. పిట్ట తల పక్కకి వంచి, ఒక కంటితో సరిగ్గా ఆమె వైపే చూసింది. తినమంటావా, అన్నట్టు.

వీసా పోతే ఆ సాక్సుల మనిషి ఇక్కడుంటాడు, తను అక్కడుంటుంది. మూడు అనాల్సిన చోట భానుశ్రీ నోట్లోంచి మూడు నెలల నుంచి బిగబట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఛీ! మా ఆయన సాక్సు వాసన చూశాక కూడా నీకు తినబుద్ధేస్తోందా? పో! పోతావా, ఉతకని రెండోది తెచ్చి నీ ముక్కుకి తొడగనా?"

కాకటూ అవమానం పడ్డట్టు అరిచి లేచిపోయింది.

సోఫాలోంచి చందు తల బయటపెట్టాడు. మొహం వెలిగిపోతోంది. "ఏంటన్నావు? మళ్లీ అను!"

"ఏం లేదు" అంది భానుశ్రీ.

*

మంగళవారం తెల్లారేసరికి గడ్డి మీద మల్లెలు జల్లినట్టు మంచు. కారు అద్దం రాయిలా గడ్డకట్టింది. భానుశ్రీ చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. సాక్సు విప్పి కాయ కింద అరచెయ్యి పెట్టి కొంచెం ఎత్తింది. మాటా పలుకూ లేకుండా వచ్చి చేతిలో కూర్చుంది.

ఇప్పుడు దాన్ని కదలకుండా తీసుకెళ్లాలి. దారిలో గలగలమందా, చెప్పాల్సింది డాష్‌బోర్డుకి చెప్పేసి ఊరుకుంటుంది. చివరికి అత్తగారి మాటే నెగ్గింది. స్టీలు డబ్బా నిండా సోనా మసూరి పోసి, నడుమ గుంట చేసి, కాయని మెడ దాకా గుచ్చి, పైన ఇంకో రెండు గ్లాసులు పోసి మూత బిగించారు. భానుశ్రీ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చందు పెళ్లి ఊరేగింపంత నెమ్మదిగా నడిపాడు. స్పీడ్ బంప్ వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. క్యాన్‌బెర్రాలో హారన్ వినపడటం అదే మొదటిసారి.

ఊరి మధ్య సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇక ఉండబట్టలేకపోయింది.

"బావా." జనవరి తరవాత ఆ పిలుపు ఇదే మొదలు. "ఆ శనివారం... నేనో మాటన్నాను."

"అన్నావు."

"నీకు గుర్తుందా?"

"ఉంది. నిన్ను చేసుకుని తప్పు చేశాను అన్నావు."

భానుశ్రీ డబ్బా గట్టిగా పట్టుకుంది. "తెలిసే తీసుకెళ్తున్నావా?"

"నీకు అదొక్కటే గుర్తుందా?" అన్నాడు చందు ఆశ్చర్యంగా. ఇంతలో ఆకుపచ్చ వెలిగింది. వెనకాయన మళ్లీ హారన్ కొట్టాడు.

విచారణ గది చిన్నది. పొడుగు బల్ల, నీళ్ల కూజా, గోడ మీద గడియారం. అప్పీల్ వినే ఆవిడకి అరవై ఉంటాయి, మెడలో గొలుసుకి కళ్లజోడు. పండు తెచ్చినవాళ్లు నింపాల్సిన కాగితం ముందే నింపించుకున్నారు. రకం, కోసిన వేళ, ముందెవరైనా ఊపారా. బల్ల చివర దుబాసీ, సిడ్నీ దగ్గర టూంగాబీ నుంచి పొద్దున బస్సులో వచ్చిన జనార్దనరావు గారు. సూటు వేసుకున్న బక్కపల్చటి పెద్దమనిషి. మాట మధ్యలో చందు దగ్గితే, "ఆయన దగ్గారు" అని అది కూడా ఇంగ్లీషులో చెప్పే రకం. ఆయన్ని చూడగానే భానుశ్రీకి ఆ మెసేజీల అనువాదకుడు గుర్తొచ్చాడు. మళ్లీ మాటకి మాటే!

ప్రశ్నలు అడిగారు. భానుశ్రీ పాఠం అప్పజెప్పినట్టు జవాబులు చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు, ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు. అప్పీల్ ఆవిడ పెన్ను పక్కన పెట్టి డబ్బా దగ్గరికి లాక్కుంది. బియ్యంలో చెయ్యి పెట్టి కాయ బయటికి తీసింది. గరుకు తోలుకి నాలుగు బియ్యపు గింజలు అంటుకున్నాయి. వాటిని మర్యాదగా దులిపి, కాయని ఎత్తి ఊపింది.

గలగల.

ముందు పెనం మీద సుయ్యిమన్న చప్పుడు. తరవాత భానుశ్రీ గొంతు, గది నిండా.

"నిన్ను చేసుకుని తప్పు చేశాను బావా!"

ఆమె కళ్లు మూసుకుంది. జనార్దనరావు గారు గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలెట్టారు. నిన్ను పెళ్లాడి నేను పొరపాటు...

ఆగిపోయారు. ఎందుకంటే కాయ ఆగలేదు. ఆ మాట నోటి నిండా పెసరట్టు పెట్టుకుని అన్న మాట. దాని వెనకే నవ్వు. మామూలు నవ్వు కాదు, ఊపిరాడక బల్ల మీద గుద్దే నవ్వు. పొలమారిన దగ్గు. ఎవరో నడినెత్తిన తడుతున్న చప్పుడు. చందు గొంతు: "నవ్వుతూ తినకే, చెప్తే వినవు. నీళ్లు తాగు. ఊఁ. ఇప్పుడు చెప్పు, తప్పు చేశావు, మరి ఇంకో అట్టు వెయ్యనా వద్దా?"

"వెయ్యి. అల్లం ఎక్కువ వెయ్యి."

తరవాత ఉత్త గింజలు.

భానుశ్రీ కళ్లు తెరిచింది. మూడు నెలలుగా తన మెదడు కూడా ఆ మాటని కాగితం మీదే రాసి పెట్టుకుంది, నవ్వు వదిలేసి. పక్కన చందు ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు, ఎప్పట్నించో.

"మొదటి వాక్యం అనువాదం అక్కర్లేదు" అంది అప్పీల్ ఆవిడ నెమ్మదిగా. "అందులో చివరి మాట ఒక్కటి కావాలి."

"బావా" అన్నారు జనార్దనరావు గారు.

"ఇక్కడ బ్రదర్-ఇన్-లా అనుంది. నాలుగు వందల పన్నెండుసార్లు."

"నిఘంటువులో ఉందండి" అన్నారాయన. "వంటింట్లో లేదు." టై సర్దుకున్నారు. "ఇప్పుడు చెప్పబోయేది తర్జుమా కాదు, నా సొంత మాట. ముప్ఫై ఎనిమిదేళ్ల నుంచి మా ఇంట్లో నేనూ అదే. దీనికి నా దగ్గర ఇంగ్లీషు లేదు."

ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. ఆఖరి ప్రశ్న చందుని అడిగింది.

"తరవాత వేశారా, ఆ అట్టు?"

"రెండు వేశానండి."

అది కూడా రాసుకుంది. రాసుకుని, దుబాసీ వైపు తిరిగి, ఆ మాటకి స్పెల్లింగ్ అడిగింది.

ఉత్తరం తరవాతి గురువారం వచ్చింది. నాలుగు పేజీలు, అన్నీ చట్టం ఇంగ్లీషే. మూడో పేరాలో ఒక్క మాట మాత్రం ఇంగ్లీషు కాదు. దాని పక్కన బ్రాకెట్లో అర్థం కూడా ఇవ్వలేదు. చివరి పేజీలో, ఈమె అతని భార్యే, ఇక్కడే ఉండవచ్చు, అని ఉంది.

చందు కాయ కోశాడు. పావుగంటైనా ముక్కలు తెల్లగానే ఉన్నాయి. ఒకటి నోలాకి ఫెన్స్ మీదుగా అందించారు.

"పుల్లగా ఉంది" అంది భానుశ్రీ మొహం ముడిచి. "నీ సాక్సు రుచి కూడా తగుల్తోంది. నిన్ను చేసుకుని..."

"ఆఁ?"

"చాలా పెద్ద తప్పు చేశాను బావా."

సరిగ్గా ఒంటిగంటకి ఫోన్ మోగింది.

"అమ్మాయ్, ఆపిల్ ఏమైంది?"

"పండిందత్తయ్యా."

పాలకొల్లు మొత్తానికి వినపడేంత గొంతుతో అడిగింది శ్యామసుందరి.

"బియ్యంలో పెట్టారా?"

"పెట్టాం."

"నే చెప్పలే!"